చెమ్మగారి గస్తీ

చెమ్మగారు ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని చూడరు, గోడల్ని చూస్తారు. మనుషులకి నోరుంది, వాళ్ల బాగోగులు వాళ్లే చెప్పుకుంటారు, గోడ చెప్పుకోలేదు కాబట్టి దాన్ని మనమే పలకరించాలని ఆయన సిద్ధాంతం. గుమ్మం దాటగానే అరచెయ్యి గోడకి ఆనించి, కళ్లు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా అరనిమిషం నిలబడతారు. చెమ్మ తగలకపోతే "బాగున్నారా?" అని ఇంటివాళ్ల వైపు తిరుగుతారు. తగిలిందో, ఇంటివాళ్లు బాగున్నారో లేదో ఆ పూటకి ఇక అడగరు.

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది ఉత్తరాల డబ్బా మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆయన ఉండే మూడంతస్తుల భవనంలో మిగతా తొమ్మిది ఇళ్లవాళ్లూ, చుట్టాలూ, ఆఖరికి కుళాయి సామాన్ల దుకాణం ఆయన కూడా చెమ్మగారనే పిలుస్తారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనేమీ నొచ్చుకోరు. "ఎలా పిలిస్తే ఏంటండీ, ఆ మూల పెచ్చు ఊడుతోంది, అది చూడండి ముందు," అంటారు.

ఇవేమీ తెలియకుండానే ఒకమ్మాయి ఆ ఇంటికి కోడలైంది. కుట్టుపనిలో చెయ్యి తిరిగిన పిల్ల. పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున, అత్తగారు లేని ఇల్లు కదా, మామగారే ఏవో నాలుగు మంచి మాటలు చెబుతారని తల వంచుకుని నిలబడింది. చెమ్మగారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, నీకు కుళాయికి వాషరు మార్చడం వచ్చా?"

"రాదండీ."

"మెయిన్ వాల్వు ఎక్కడుంటుందో తెలుసా?"

"తెలీదండీ."

"పరవాలేదు," అన్నారు చెమ్మగారు గంభీరంగా. "చిన్నదానివి. నేర్చుకుంటావు."

పెళ్లికొడుకు పక్కనే ఉన్నాడు. "నాన్న అంతే," అన్నాడు. ఆ తర్వాత ఎనిమిది నెలల కాపురంలో ఈ విషయం మీద ఆ అబ్బాయి ఇంతకంటే పెద్ద వాక్యం మాట్లాడిన పాపాన పోలేదు.

నేర్చుకోక తప్పలేదు. పది రోజులకల్లా పానా పట్టి కుళాయి తల విప్పడం, లోపలున్న చిన్న రబ్బరు బిళ్లని తీసి కొత్తది పెట్టడం వచ్చేసింది. ఆ రబ్బరు బిళ్లే వాషరు. కుళాయి కట్టినా చుక్క చుక్కగా కారుతోందంటే అది అరిగిందన్నమాట. బట్టలుతికే మిషను గొట్టం ఉబ్బిందేమో నెలకోసారి తడిమి చూడటం, సింకు కింద కాగితం పరిచి దాని మీద చుక్క పడిందేమో చూడటం, స్నానాల గదిలో టైల్సు సందులు తెరుచుకున్నాయేమో గోటితో గీకి చూడటం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. తోటివాళ్లు కొత్త కాపురం కబుర్లు అడిగితే ఏం చెప్పాలో తెలియక "బాగుంది, చెమ్మ లేదు," అనేది.

అన్నిటికంటే ఆమెకి ఒళ్లు మండింది పెన్సిలు విషయంలో. గోడ మీద చెమ్మ మచ్చ కనిపిస్తే చెమ్మగారు దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేస్తారు. వారం తర్వాత మచ్చ గీత దాటితే నీళ్లు ఇంకా వస్తున్నట్టు. దాటకపోతే పాత చెమ్మ ఆరుతున్నట్టు. సొంతింట్లోనే అయితే సరే అనుకోవచ్చు. చుట్టాల ఇళ్లల్లో కూడా కాఫీ గ్లాసు కింద పెట్టి, జేబులోంచి పెన్సిలు తీసి, వాళ్ల గోడ మీద తేదీ వేసి వచ్చేస్తారు. కోడలు తను కూర్చుని కుట్టుకునే ముందుగదికి ఏరికోరి లేత నిమ్మపండు రంగు వేయించుకుంది. నాలుగో రోజుకల్లా దాని మీద గోరంత మచ్చ చుట్టూ నల్లటి గీత ప్రత్యక్షమైంది.

"మామయ్యా! కొత్త రంగు!"

"రంగు కొత్తదేనమ్మా. నీళ్లు పాతవి."

రెండు రోజులు మాటల్లేవు. మూడోవారానికి మచ్చ గీత దాటింది. గోడకి అవతలున్న స్నానాల గదిలో టైల్సు సందు విడిపోయి ఉంది. చెమ్మగారు ఓ మధ్యాహ్నం కూర్చుని తెల్ల సిమెంటుతో దాన్ని పూడ్చేశారు. గోడ బతికింది. కోడలు మాత్రం గోడ బాగుపడిందని ఒప్పుకోలేదు, గీత పోలేదని దెప్పింది.

ఇక నెలలో మొదటి ఆదివారం మీటరు పరీక్ష. ఇంట్లో ప్రతి కుళాయీ కట్టేసి, నీళ్ల మీటరు ముందు కుర్చీ వేసుకుని చెమ్మగారు గంటసేపు కూర్చుంటారు. కుళాయిలన్నీ కట్టి ఉన్నా ముల్లు కదిలిందంటే గోడలో ఎక్కడో పైపు కారుతున్నట్టు. ఆ గంటసేపు ఇంట్లో ఎవరూ నీళ్లు ముట్టుకోకూడదు. ఒక ఆదివారం మొహం నిండా సబ్బు రాసుకున్నాక కోడలికి ఆ సంగతి గుర్తొచ్చింది.

"మామయ్యా, కళ్లు మండిపోతున్నాయి!"

"ఇంకా పదిహేడు నిమిషాలమ్మా."

"ఒక్క చెంబు నీళ్లు!"

"ఒక్క చెంబుకే పరీక్ష పాడైపోతుంది తల్లీ. కళ్లు మూసుకుని ఏవైనా మంచి విషయాలు ఆలోచించు."

ఆ పదిహేడు నిమిషాల్లో ఆమె ఆలోచించిన విషయాలు ఇక్కడ రాయదగ్గవి కావు.

పరామర్శకి వెళ్లినప్పుడు జరిగింది మరీ ఘోరం. దూరపు చుట్టం ఒకాయన పోయాడు. గదినిండా ఏడుపులు. చెమ్మగారు తలెత్తి కప్పు కేసే చూస్తూ నిలబడిపోయారు. పోయినాయన ఆత్మని వెతుక్కుంటున్నారు కాబోలు, ఎంత ప్రేమో పాపం అనుకుని ఆడవాళ్లు మరో విడత ఏడ్చారు. ఆయన నెమ్మదిగా పోయినాయన భార్య దగ్గరికి వెళ్లి, వంగి, ఎంతో ఆప్యాయంగా, "అమ్మా, మేడ మీద తూము ఈ గది మీదేనా?" అన్నారు. భూమి చీలితే లోపలికి దూరిపోదామనిపించింది కోడలికి. ఆయన ఆ మంచి బట్టలతోనే మేడెక్కి, తూములో ఇరుక్కున్న ఎండుటాకులన్నీ చేత్తో లాగి పారేసి, చేతులు కడుక్కుని వచ్చి, అప్పుడు కూర్చుని ఏడ్చారు. ఆ వారంలోనే కుండపోత వాన. చుట్టాలంతా ఆ గదిలోనే పడుకున్నారట, ఒక్క చుక్క కారలేదని ఆవిడ తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

ఒకరోజు కోడలు ఉండబట్టలేక అడిగేసింది. "మామయ్యా, ఏంటిదంతా? ఎందుకిలా?"

చెమ్మగారు చేతిలో పెన్సిలు కింద పెట్టారు. బడిపుస్తకాల గోదాములో ముప్పై ఒక్క ఏళ్లు స్టోర్‌కీపరుగా చేసిన మనిషి ఆయన.

"ఒక శనివారం గోదాము గోడ మీద అరచెయ్యంత మచ్చ చూశానమ్మా. సోమవారం చూద్దాంలే అనుకున్నాను. ఆదివారం వాన పడింది. మూడువేల పుస్తకాలు. మూడో తరగతివి. ఆ ఏడాది ముగ్గురేసి పిల్లలు ఒక్కో పుస్తకం మీద వంగి చదువుకున్నారట. నన్నెవరూ ఏమీ అనలేదు. వానకి నువ్వేం చేస్తావన్నారు. కానీ నేను మచ్చ చూశాను కదా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను."

కోడలికి ఆ పూటంతా ఆయన మీద చెప్పలేనంత జాలి కలిగింది. మర్నాడు పొద్దున ఆరున్నరకి గస్తీ చప్పుడు వినపడగానే ఆ జాలి కాస్తా ఆవిరైపోయింది.

గస్తీ సంగతి చెప్పాలి. నీళ్లు వృథా కాకుండా ఆ భవనంలో రాత్రిపూట మేడ మీది ట్యాంకు వాల్వు మూసేసి పొద్దున ఏడింటికి తెరుస్తారు. మూసేదీ తెరిచేదీ చెమ్మగారే. నీళ్లు లేనప్పుడు ఎవరో కుళాయి తిప్పుతారు, రాకపోతే అలాగే వదిలేసి వెళ్లిపోతారు, ఏడింటికి వాల్వు తెరవగానే ఇల్లు చెరువవుతుంది. అందుకని తెరిచే ముందు ఆయన తొమ్మిది తలుపులూ తట్టి "కుళాయిలన్నీ కట్టే ఉన్నాయా?" అని అడుగుతారు. ఆదివారాలు కూడా వదలరు. పెన్సిలు ఏ కాలం నాటిదో గానీ, ఈ గస్తీ మాత్రం రెండేళ్ల కిందటే మొదలైంది.

రెండో అంతస్తులో ఉండే లాయరుగారు ఇంట్లో కూడా కోర్టు భాషే మాట్లాడతారు.

"కట్టే ఉన్నాయి! నిన్నా కట్టే ఉన్నాయి! రేపూ కట్టే ఉంటాయి! దీన్నే శాశ్వత వాంగ్మూలంగా నమోదు చేసుకోండి!" అని తలుపు వెనకనుంచే అరిచేవారు.

"రేపటిది రేపు అడుగుతానండీ," అని చెమ్మగారు పై మెట్టు ఎక్కేవారు.

ఎనిమిది ఇళ్లకి గుమ్మంలోంచి ప్రశ్నే. తొమ్మిదో ఇంట్లోకి మాత్రం లోపలికి వెళ్లేవారు. అది మూడో అంతస్తులో, సరిగ్గా లాయరుగారి ఇంటి మీద ఉంటుంది. అందులో టీచరమ్మ ఒక్కరే ఇరవై రెండేళ్లుగా అద్దెకుంటున్నారు. పెద్దావిడ, సింకు కిందకి వంగి చూసుకోలేదు అని చెమ్మగారు చెప్పే కారణం. పది నిమిషాల తర్వాత కాఫీ తాగి బయటికి వచ్చి, వాల్వు తెరిచి, కిందకి దిగి పుస్తకంలో రాసేవారు.

లాయరుగారికీ టీచరమ్మకీ మధ్య ఒక పాత గొడవ ఉంది. రెండేళ్ల కిందట టీచరమ్మ ఇంట్లోంచి రెండుసార్లు నీళ్లు దిగి లాయరుగారి కప్పు తడిసింది. మూడోసారి గనక దిగితే ఆవిడ చేత ఇల్లు ఖాళీ చేయించాల్సిందేనని లాయరుగారు ఆ ఇంటి ఓనరుకి నోటీసిచ్చి, సరేనని కాగితం రాయించుకున్నారు. ఆ మాట భవనంలో అందరికీ తెలుసు, టీచరమ్మకీ తెలుసు. అప్పటినుంచి ఒక్క చుక్క దిగలేదు. అదంతా తన నోటీసు ప్రతాపమేనని లాయరుగారి నమ్మకం.

ఇలా ఉండగా చెమ్మగారు పడ్డారు. జీవితంలో తడినేల మీద ఎన్నడూ జారని మనిషి, పొడినేల మీద కోడలి దారపు రీలు తొక్కి జారారు. చీలమండ బెణికి కాలు ఇంత లావున వాచింది. మూడు వారాలు మెట్లెక్కితే ఊరుకోనన్నాడు డాక్టరు. నొప్పికి కిక్కురుమనని పెద్దమనిషి ఆ మాటకి మాత్రం విలవిల్లాడిపోయారు.

"అమ్మాయ్," అని కోడల్ని పిలిచి సామాన్ల సంచీ, గస్తీ పుస్తకం చేతిలో పెట్టారు. "ముందు తొమ్మిది తలుపులు. ఆ తర్వాతే వాల్వు. తొమ్మిదో ఇంట్లో మాత్రం లోపలికి వెళ్లి నువ్వే చూడాలి. అడిగి ఊరుకోకు."

"టీచరమ్మగారి మాట నమ్మొద్దంటారా?"

"కుళాయి మాట నమ్ము. మరిచిపోకు తల్లీ, నీ చేతులు పట్టుకుంటాను."

మామగారు అంత బతిమాలడం ఆమె ఎప్పుడూ చూడలేదు. వయసు మీద పడుతోంది, చాదస్తం ముదురుతోంది అనుకుంది.

మొదటి రోజు ఆమెకి మెలకువ వచ్చేసరికి ఏడు కావస్తోంది. తొమ్మిది తలుపులు కొట్టి తొమ్మిదిమంది చేత తిట్లు తినడం తన వల్ల కాదనుకుంది. నేరుగా మేడెక్కి వాల్వు తిప్పేసింది. కొంప ఏమీ మునగలేదు. కిందకి వచ్చి పుస్తకం తెరిచి తొమ్మిది ఇళ్లకీ తొమ్మిది "సరి"లు రాసేసింది. వెనక పేజీల్లో ఎనిమిది ఇళ్లకీ ఏడాది పొడవునా "సరి", "సరి" అనే ఉంది. తొమ్మిదో ఇంటికి మాత్రం అక్కడక్కడా "వాషరు మార్చాను" అని కనిపించింది. లెక్కపెడితే పద్నాలుగు. ఆ కుళాయికి వాషర్లు తినే రోగమేమో అనుకుని పుస్తకం మూసేసింది.

రెండో రోజూ అంతే. మెట్ల దగ్గర లాయరుగారు ఎదురై, "రెండు రోజులుగా కంటినిండా నిద్రపోతున్నానమ్మా. నీ పాలనలో ప్రజలు సుఖంగా ఉన్నారు," అని మెచ్చుకున్నారు కూడా.

మంచం మీదున్న మామగారు తల తిప్పి చూశారు. "తొమ్మిదో ఇల్లు?"

"సరి మామయ్యా."

"లోపలికి వెళ్లి చూశావా?"

"చూశాను మామయ్యా." అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే కొంచెం ఆశ్చర్యమేసింది.

మూడో రోజు ఏడింటికి వాల్వు తెరిచి వచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది. ముప్పావు గంట గడిచిందో లేదో పైనుంచి లాయరుగారి కేక. తర్వాత మెట్ల మీద చప్పుడు. చూస్తే మనుషులు కాదు, నీళ్లు దిగుతున్నాయి.

ఆమె సంచీ భుజాన వేసుకుని రెండేసి మెట్లు ఎక్కింది. టీచరమ్మ తలుపు బార్లా తెరిచి ఉంది. వంటగదిలో కుళాయి ధారగా పోస్తోంది. సింకులో నానేసిన గుడ్డ తూముకి అడ్డం పడి, నీళ్లు పొర్లి, నేలంతా పరుచుకుని, గడప దాటి పోతున్నాయి. కోడలు చెయ్యి చాపి కుళాయి తిప్పింది. ఒక్క తిప్పుకి కట్టేసింది. చుక్క కూడా జారలేదు. కుళాయికి ఏ రోగమూ లేదు. దాన్ని కట్టలేదు, అంతే.

టీచరమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. బట్టలు మోకాళ్ల దాకా తడిసిపోయాయి. చేతిలో నేల తుడిచే గుడ్డ ఉంది, కంగారులో కుళాయి కట్టాలని కూడా తోచినట్టు లేదు.

"కట్టాను తల్లీ," అన్నారు మెల్లగా. "కట్టాననే గుర్తు."

ఈలోగా లాయరుగారు వచ్చేశారు. చంకలో తడిసిన ఫైళ్లు, చేతిలో ఫోను. ఈసారి ఆయన మాటల్లో కోర్టు భాష కూడా లేదు. నిజంగానే బాధలో ఉన్నారు.

"పదేళ్ల కాగితాలమ్మా ఇవి. ఎవరెవరి ఇళ్లో, పొలాలో, బతుకులో వీటిలో ఉన్నాయి. వాళ్లకి నేనేం సమాధానం చెప్పను? రెండుసార్లు ఊరుకున్నాను. ఇక నావల్ల కాదు. ఇప్పుడే ఓనరుకి ఫోన్ చేస్తున్నాను."

"చెయ్యండి లాయరుగారూ," అన్నారు టీచరమ్మ. "తప్పు నాదే అయ్యుంటుంది."

ఆ మాట ఆవిడ ఏడుస్తూ అనలేదు. అందుకే కోడలికి ఎక్కడో తగిలింది. ఇరవై రెండేళ్ల ఇల్లు, ఆ కిటికీలో మొక్కలు, గోడ వెంట పుస్తకాల బీరువాలు. ఇవన్నీ వదిలి ఈ వయసులో ఈవిడ ఎక్కడికి వెళుతుంది? ఎవరి వల్ల వెళుతుంది? తొమ్మిది తలుపులు కొట్టడానికి బద్ధకించిన తన వల్ల.

"ఆగండి," అంది. "కుళాయి పాడైందేమో చూడనివ్వండి."

"అయితే సాక్ష్యం చూపించు," అన్నారు లాయరుగారు.

చూపించడానికి ఏమీ లేదని ఆమెకి తెలుసు. ఊరికే కాలయాపనకి పానా కోసమని సంచీలో చెయ్యి పెట్టింది. పక్క జేబులో చిన్న రేకు డబ్బా తగిలింది. మూత మీద కాగితం అంటించి ఉంది. దాని మీద మామగారి దస్తూరీతో, పెన్సిలుతో, "చూపించడానికి" అని రాసి ఉంది. మూత తీసింది. లోపల ఒకే ఒక్క వాషరు. నిలువునా చీలిపోయిన పాత వాషరు.

కోడలికి పుస్తకంలోని ఆ పద్నాలుగు గుర్తొచ్చాయి. పద్నాలుగుసార్లు మార్చిన వాషరు ఇదొక్కటే. పద్నాలుగు పొద్దుల్లో వాల్వు తెరవకముందే మామగారు ఈ వంటగదిలోకి వచ్చారు. తెరిచి ఉన్న కుళాయిని చప్పుడు కాకుండా కట్టేశారు. ఈ చీలిపోయిన బిళ్లని అరచేతిలో పెట్టి ఆవిడకి చూపించి, మీ తప్పేం లేదమ్మా అన్నారు.

ఆమె వెనక్కి తిరిగి, సింకు కింద వాల్వు మూసి, కుళాయి తల విప్పింది, బిగించింది. వాషరుని అరచేతిలో పెట్టి లాయరుగారి ముందు చాపింది.

"చూడండి. వాషరు పోయింది. టీచరమ్మగారి తప్పు కాదు. ఏడింటికి ముందు వచ్చి చూడాల్సింది నేను. మూడు రోజులుగా ఎవరి తలుపూ కొట్టలేదు, నేరుగా వెళ్లి వాల్వు తిప్పేశాను. తప్పంతా నాదే. ఓనరుకి ఫోన్ చేస్తే నా పేరు చెప్పండి."

లాయరుగారు వాషరుని తిప్పి తిప్పి చూశారు. తర్వాత చంకలో ఫైళ్ల కేసి చూసుకున్నారు. "నీ పేరు చెబితే ఇవి ఆరుతాయా?"

"ఆరుతాయి," అంది కోడలు. "మా మామయ్యకి ఇవ్వండి."

పుస్తకాల గోదాములో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన మనిషి చేతికి తడిసిన కాగితం దొరికింది. ఇక చెప్పాలా? వాచిన కాలు పీట మీద పెట్టుకుని చెమ్మగారు సర్వసైన్యాధ్యక్షుడైపోయారు. "లాగొద్దు! తడి కాగితాన్ని లాగితే చిరుగుతుంది! ముందు నీళ్లు కారనివ్వు. ఎండలో వద్దు, ముడుచుకుపోతుంది. ఫ్యాను కింద పెట్టు. ప్రతి రెండు కాగితాల మధ్యా తెల్ల కాగితం పెట్టు. గంటగంటకీ మార్చు." ముందుగది నిండా తాళ్లు కట్టి, కోడలు కుట్టుపని పక్కన పెట్టి, రెండు రోజులు లాయరుగారి ఫైళ్లు ఆరబెట్టింది. ఆ రెండు పొద్దులూ తొమ్మిదో ఇంట్లో కుళాయి కట్టి ఉందని చూసుకున్నాకే వాల్వు తెరిచింది. లాయరుగారు కూడా వచ్చి కాగితాలు అందించారు. మూడో రోజుకి ఒక్క సంతకం చెదరకుండా అన్నీ చేతికొచ్చాయి. కొంచెం అలలు తేలాయి, అంతే.

"ఈసారికి వాయిదా వేస్తున్నాను," అని లాయరుగారు ఫైళ్లు పట్టుకుని లేచారు. గుమ్మం దగ్గర ఆగి, "మీ మామగారు కోలుకునేదాకా... ఆరున్నరకి మా తలుపు కూడా కొట్టమ్మా," అని ముక్కుతూ మూలుగుతూ అన్నారు.

ఆయన వెళ్లాక కోడలు మామగారి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నేను వెళ్లలేదు మామయ్యా. మూడు రోజులూ. మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసమ్మా. నీళ్లు దిగినప్పుడే తెలిసింది."

"డబ్బా చూశాను."

చెమ్మగారు కాలి కింద దిండు సర్దుకున్నారు.

"రెండేళ్ల కిందట, రెండోసారి నీళ్లు దిగిన రోజున ఆవిడ నన్ను అడిగిందమ్మా. నేను మరిచిపోతున్నానా అని. అలా నా మొహంలోకి చూస్తూ అడిగింది. ఏం చెప్పను? నోటికొచ్చింది చెప్పాను, వాషరు పోయిందని. ఒకసారి చెప్పాక ఇక దాని మీదే నిలబడాలి కదా."

"మరి మిగతా ఎనిమిది తలుపులు ఎందుకు మామయ్యా? ఊరందరి చేతా తిట్లు తింటూ?"

"ఒక్క తలుపే కొడితే ఆవిడకి తెలిసిపోదూ?"

కోడలు చేత్తో కళ్లు తుడుచుకుని, "నొక్కితే నీళ్లొచ్చి వాటంతటవే ఆగిపోయే కుళాయిలు ఉన్నాయి కదా. అవి పెట్టేస్తే పోదా?" అంది.

"పెడదాం. ఇక పెట్టాల్సిందే. దానికేం, నీళ్లు ఆగుతాయి." ఆయన దుప్పటి అంచు నలిపారు. "కానీ ఒంటరి మనిషి తలుపు పొద్దున్నే ఎవరో ఒకరు కొట్టాలి కదమ్మా. నాకు సాకేముంటుంది అప్పుడు?"

"కొత్త కుళాయిలకి కొత్త జబ్బులుంటాయి. రోజూ చూసుకోవాలి," అంది కోడలు.

చెమ్మగారు ఆమె కేసి తిరిగారు. "నేర్చుకున్నావు," అన్నారు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి ఆమె బయల్దేరింది. కింది ఇళ్లవాళ్లు ఆవలిస్తూ, గొణుక్కుంటూ "కట్టే ఉన్నాయమ్మా" అన్నారు. ఎవరో వెనకనుంచి, "పిచ్చి అంటువ్యాధి అని ఇప్పుడే తెలిసింది," అని కూడా అన్నారు. ఎనిమిది ఇళ్లయ్యాక తొమ్మిదో తలుపు కొట్టింది.

టీచరమ్మ కాఫీ పెట్టి సిద్ధంగా ఉన్నారు. కోడలు వంటగదిలోకి వెళ్లింది. కుళాయి తెరిచే ఉంది. చప్పుడు కాకుండా కట్టేసి, సంచీలో చెయ్యి పెట్టి, ఆ చిన్న డబ్బా తీసింది.

"మళ్లీ వాషరే టీచరమ్మగారూ. చూడండి, ఎలా చీలిపోయిందో. మీ తప్పేం..."

"ఇలా ఇవ్వు," అని టీచరమ్మ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో చూశారు. ఆవిడ పెదాల చివర నవ్వు కదిలింది. "అదే చీలిక. రెండేళ్ల నుంచీ దీన్నే చూస్తున్నాను. పాపం, ఇంకోటి కొనుక్కోవచ్చు కదా మీ మామగారు."

కోడలు గబుక్కున కుళాయి కేసి తిరిగింది.

"వాషరు పాడైతే కుళాయి చుక్క చుక్కగా కారుతుంది తల్లీ. ధారగా పోయదు. ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పాను, ఆ మాత్రం తెలియదా?" ఆవిడ వాషరుని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి మూత వేశారు. "నాకు మరుపొస్తోందని నాకు తెలుసు. అది మీ మామగారికి తెలుసని కూడా తెలుసు. ఆయన అంత కష్టపడి అబద్ధం చెబుతుంటే, నమ్మకపోతే బాగుంటుందా చెప్పు? ఈ మాట ఆయనకి మాత్రం చెప్పకు. తెలిస్తే సిగ్గుతో ఈ గుమ్మం ఎక్కరు. నాకు పొద్దున్నే కాఫీకి తోడుండదు."

"చెప్పనండీ," అంది కోడలు. ఇద్దరూ కూర్చుని కాఫీ తాగారు.

వాల్వు తెరిచి ఆమె కిందకి వచ్చేసరికి చెమ్మగారు మంచం మీద లేచి కూర్చుని ఎదురుచూస్తున్నారు.

"తొమ్మిదో ఇల్లు?"

"వాషరు మార్చాను మామయ్యా."

ఆయన గొంతు తగ్గించారు. వీధి తలుపు కేసి ఒకసారి చూసి, ఆందోళనగా ముందుకు వంగారు.

"ఆవిడకేమీ అనుమానం రాలేదు కదా?"

"అబ్బే, అస్సలు రాలేదు మామయ్యా."

"హమ్మయ్య," అని చెమ్మగారు వెనక్కి ఆనుకున్నారు. కోడలు పుస్తకం తెరిచి రాసుకోవడానికి కూర్చుంది.